బొబ్బిలి బాబాయ్ పోస్టింగు

సోమవారం పొద్దున్న పాల ప్యాకెట్టు కోసం తలుపు తీసిన హేమచంద్రకి, అతని ఒంట్లో ఉద్యోగంలో చేరడానికి సూట్‌కేసుతో వచ్చిన హెర్పిస్ వైరస్ గుమ్మంలో కనిపించింది. చూడ్డానికి యాభై ఏళ్ల పెద్దమనిషి. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. చెప్పులు బయటే విడిచి, ఫ్యాను కింద కూర్చుని మంచినీళ్లు అడిగాడు.

హేమచంద్ర నీళ్లిచ్చి, అడ్రసు ఎక్కడో పొరపాటు పడి ఉంటుందన్నాడు. తను కండోమ్ లేకుండా ఎన్నడూ ఎవరి దగ్గరికీ వెళ్లలేదు. ఆ మాట ఒట్టేసి చెప్పగల పెళ్లికాని మగవాళ్లు విజయనగరంలో తక్కువ.

"కండోమ్‌ని నేనేమీ అనను బాబూ," అన్నాడు పెద్దమనిషి. "నిఖార్సయిన వాచ్‌మన్. అతనున్నాడనే నా పోస్టింగు ఇన్నాళ్లు ఆగింది. కానీ మీరు కాపలా పెట్టింది గేటుకి. నేను పక్క గోడ మీంచి వచ్చాను. ఒంటికి ఒళ్లు తగిలితే మాకు చాలు."

"మొన్న నాతో ఉన్న అమ్మాయికి పుండ్లూ గిండ్లూ ఏం లేవే?" అన్నాడు హేమచంద్ర.

"వచ్చే ప్రతిసారీ బోర్డు కట్టుకొని వస్తామేటి?"

షరతులు కూడా ఆయనే వివరించాడు. బదిలీ లేదు, రిటైర్మెంటు లేదు. ఎక్కువ కాలం నడుము దిగువన నరాల మొదట్లో నిద్రపోతాడు. జ్వరమొచ్చినా, హేమచంద్రకి నిద్ర చాలకపోయినా లేచి, నాలుగు నీటిపొక్కులు వేసి మళ్లీ పడుకుంటాడు. ఆస్పత్రికి వెళ్తే డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. మాత్రలు వేసుకుంటే ఆయన లేవడం తగ్గుతుందనీ, ప్రాణానికి ఢోకా లేదనీ అంది. చివర్లో, పెళ్లి చేసుకోబోయే అమ్మాయికి చెప్పమంది.

హేమచంద్రకి చిక్కు అక్కడే వచ్చింది. సుభాషిణితో పెళ్లి ఇంకో నెలలోనే. బ్యాంకులో పని చేసే మనిషి. నచ్చనిది మొహం మీదే చెప్పి వెళ్లిపోయే రకం. చెబితే పెళ్లి పోతుంది. చెప్పకపోతే ఈయన ఏదో ఒకరోజు ఆమె దగ్గర కూడా చేరిపోతాడు.

అపార్ట్‌మెంట్ సెక్రటరీ పైడినాయుడు కొత్త మనిషి ఎవరో కనుక్కుందామని వచ్చాడు. సూట్‌కేసు చూడగానే గొంతు తగ్గించాడు.

"ఎవరైనా అడిగితే బొబ్బిలి బాబాయ్ అని చెప్పీయండి. మా ఇంట్లోనూ ఒకాయనున్నాడు, మేమూ అంతే చెప్తాం."

ఆ సాయంత్రం లిఫ్టులో చూస్తే నిజమే. ప్రతి అంతస్తులోనూ ఇస్త్రీ చొక్కాతో ఒక బొబ్బిలి బాబాయ్ ఎక్కుతున్నాడు, దిగుతున్నాడు. కొన్ని ఇళ్లలో పిన్ని. బొబ్బిలిలో ఇంతమంది చుట్టాలు ఎలా పుట్టారని ఎవరూ అడగరు. అడిగితే అవతలివాళ్లూ అడుగుతారు.

ఆదివారం సుభాషిణి వచ్చింది. హేమచంద్ర పెద్దమనిషిని బొబ్బిలి బాబాయ్ అని పరిచయం చేశాడు. ఆమె వంగి కాళ్లకి దండం పెట్టబోయింది. హేమచంద్ర చటుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"అక్కర్లేదు. ఈయన మా బాబాయ్ కాదు," అని జరిగిందంతా చెప్పేశాడు.

సుభాషిణి చెయ్యి విడిపించుకుని, కుర్చీ లాక్కుని, లోను కోసం వచ్చినవాణ్ణి అడిగినట్టు పెద్దమనిషినే అడగడం మొదలుపెట్టింది. కండోమ్ వాడతాం, మాత్రలు మానడు, మీరు లేచిన రోజుల్లో దూరంగా ఉంటాం, అప్పుడు నా దగ్గరికి రారు కదా?

"చాలా తగ్గిపోద్దమ్మా. అసలు రానని మాత్రం గేరంటీ ఇవ్వలేను."

ఆమె కుర్చీ హేమచంద్ర వైపు తిప్పుకుంది.

"గ్యారంటీ ఇచ్చినవాళ్లు ఇద్దరొచ్చారు నన్ను చూసుకోడానికి," అంది. "వాళ్ల బాబాయ్‌లదీ బొబ్బిలే. ముందు నేనూ డాక్టరుకి చూపించుకుంటాను. ముహూర్తం మార్చక్కర్లేదు."

పెళ్లి అనుకున్న రోజునే జరిగింది. భోజనాల దగ్గర రెండు వైపుల బాబాయ్‌లూ పిన్నులూ ఒకే వరసలో కూర్చుని హాయిగా కబుర్లు చెప్పుకున్నారు. ఆ వరసకి ఎన్ని విస్తళ్లు కావాలో వంటాయన ఎవర్నీ అడగలేదు. వచ్చిన జనంలో సగానికి లెక్కేసుకుని పరిచాడు. చాలకపోయేసరికి, ఏమాత్రం ఆశ్చర్యపోకుండా ఇంకో కట్ట విప్పాడు.