తొండలు తలూపిన ఒప్పందం

ఒక పెద్ద అడవిలో, చూసొస్తానని పోయినవాళ్లు చివర చూడకుండానే తిరిగొచ్చేంత పెద్ద అడవిలో, నల్లమ్మవ్వ అనే ముసలి ఎలుగుబంటి తేనె వర్తకం చేసుకుని బతుకుతుండేది.

ఆమె తేనె ఆషామాషీ తేనె కాదు. గుహ పక్క కొండచరియకు పట్టిన పట్టయితేనే ముట్టేది. అదీ అమావాస్య ముందరయితేనే. పట్టులో పిల్లపురుగులు కనబడ్డాయా, తేనెటీగలకు ఒక దండం పెట్టి ఉత్త చేతుల్తో దిగొచ్చేది. ఆకుదొప్పలో తేనె పోస్తే దొప్ప అడుగున ఆకు ఈనెలు కనబడాలి. కనబడకపోతే మళ్లీ వడకట్టాల్సిందే. వచ్చినవాళ్లు నిలబడాల్సిందే.

జింకలు ఇప్పపువ్వు తెచ్చి తేనె పట్టుకుపోయేవి. ఉడతలు సారపప్పు తెచ్చేవి. మోకాళ్లు పట్టేసి దూరం పోలేని అవ్వకు వానాకాలమంతా ఆ ఇప్పపువ్వే కూడు. అది రాకపోతే పస్తే.

తేనె ఎంత నిక్కచ్చో, కోపమూ అంతే నిక్కచ్చి. ఎప్పుడో ఒక నెమలి పెళ్లిలో నక్క జంబయ్య ఆమె తేనె నాకి, "కాస్త పులుపు తగిలింది అవ్వా" అన్నాడు. ఆ పెళ్లికొడుక్కి మనవలు పుట్టి, వాళ్లూ పురి విప్పుతున్నారు. ఆ మాట మాత్రం అవ్వ చెవిలో చీమలాగా ఇంకా తిరుగుతూనే ఉంది.

ఆ జంబయ్యే ఇప్పుడు సింహం దొర కొలువులో పెద్ద గుమాస్తా. దొర నిద్రపోతాడు, జంబయ్య పాలిస్తాడు. దొర లేస్తే ఇద్దరూ భోంచేస్తారు. కొలువు అంటే అంతే.

ఒకరోజు వడ్రంగిపిట్ట చెట్టు చెట్టుకూ తిరిగి టముకు వేసింది.

"టక టక టక. వాగు చుట్టూ ఉన్న అడవులన్నీ కలిసి ఒప్పందం చేసుకోబోతున్నాయహో. ఇకమీద ఏ అడవి సరుకైనా ఏ అడవికైనా సుంకం లేకుండా పోవచ్చు, రావచ్చు. దీనిమీద మీ అభిప్రాయం కావాలి. రేపు మిట్టమధ్యాహ్నం ఏనుగుబండ దగ్గరికి రావాలహో. టక టక."

అవ్వ గుహ పక్క పొదలో ఉండే కుందేలు చెంగమ్మ ఒక్క గెంతులో వచ్చి వాలింది.

"విన్నావా అవ్వా?"

"విన్నా. చెట్టుకు చెప్పింది ఆ పిట్ట. నాకు చెప్పలేదు."

"అందరికీ కలిపి చాటింపేశారు కదా."

"అందరికీ వేసింది అందరూ వింటారు. నన్ను పిలవాలంటే గుహ ముందుకొచ్చి, 'అవ్వా, మీరు రావాలి' అనాలి. మా అమ్మను అట్లాగే పిలిచేవాళ్లు. ఆమె అప్పుడు కూడా రెండోసారి పిలిస్తేనే లేచేది."

"నీ పిలుపు పాడుగాను. వాగవతల తేనె వస్తుందంట. చెరుకు పాకం కలిపిన తేనె. చారెడు ఇప్పపువ్వుకు కుండెడు ఇస్తారంట. ఇన్నాళ్లూ సుంకానికి భయపడి రాలేదు గానీ, సుంకం తీసేస్తే వరదే."

"రానీ. పులిసిన నోళ్లు పులిసిన తేనె తాగుతాయి."

అలా అంది గానీ, ఆ పూట అవ్వకు చెదపురుగులు కూడా సహించలేదు.

పంతం పంతమే. అవ్వ ఏనుగుబండ దగ్గరికి పోలేదు. పోయొచ్చిన చెంగమ్మ చెప్పింది, పని సజావుగా అయిపోయిందని. తేనె సంగతీ, దుంపల సంగతీ, ఈత చాపల సంగతీ జంబయ్య వరసపెట్టి అడిగాడట. ముందు వరసలో కూర్చున్న జనం తలలూపారట.

"ముందు వరసలో ఎవరే?"

"తొండలు అవ్వా. అన్నీ తొండలే. మిగతావాళ్లం ఎండకు తాళలేక అల్లంత దూరాన మద్దిచెట్ల కింద కూలబడ్డాం. మాకు ఏమీ వినబడలేదు. చివర్లో చప్పట్లు వినబడితే మేమూ కొట్టాం."

"ఎందుక్కొట్టావు?"

"అయిపోయింది, ఇంటికి పోవచ్చు కదా అని."

ఒప్పందం ఇంకా కుదరకముందే, రుచి చూడండంటూ, సుంకం కట్టకుండానే వాగవతల తేనె వచ్చి పడింది. చెంగమ్మ ఒక దొప్పెడు తెచ్చి అవ్వ ముందు పెట్టింది. అవ్వ వాసన చూసి, మూతి తిప్పుకుని, గుహ మూలకు నెట్టేసింది. ఆ వారం జింకలు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. ఒక ఉడత మాత్రం వచ్చి, తేనె అడక్కుండా, ఊరికే పలకరించి పోయింది. అవ్వకు అదే ఎక్కువ మండింది. చావింటికి వచ్చినట్టు వచ్చిందని.

గుహలో ఇప్పపువ్వు అడుగంటింది. పైన మబ్బు పడుతోంది.

ఇంతలో మళ్లీ టముకు. చివరి విడత విచారణ అంట. వాగవతల అడవుల తరఫున దుమ్ములగొండి గొండప్ప స్వయంగా వస్తున్నాడట. ఆ రోజు జనం ఊ అంటే దొర పంజా ముద్ర పడిపోతుంది.

అవ్వ లేచి ఒళ్లు దులుపుకుంది.

"పోతున్నావా అవ్వా? పిలవలేదుగా?" అంది చెంగమ్మ, నవ్వు ఆపుకుంటూ.

"నేను సభకు పోవడంలేదు. బండ అవతల పుట్ట ఎట్లా పెరిగిందో చూడ్డానికి పోతున్నా. దారిలో బండ అడ్డమొస్తే నా తప్పా?"

ఏనుగుబండ పెనంలా కాలుతోంది. నీడలో సింహం దొర గుర్రుపెడుతున్నాడు. ఆయన పక్కన గొండప్ప. దుమ్ములగొండి కదా, ఏదన్నా నవ్వే, ఏమనకపోయినా నవ్వే. బండ మీద ముందు వరసంతా తొండలు, పెళ్లిపెద్దల్లా మెడలు నిక్కించి కూర్చున్నాయి.

జంబయ్య గొంతు సవరించుకున్నాడు.

"మహాజనులారా. ఇది మీ రాజ్యం. ఇక్కడ ఎవరైనా ఏదైనా అడగొచ్చు. బండ మీద తల ఊగితే అది జనం ఆమోదం. ఇది కొలువు నియమం, దొరగారు ఒప్పుకున్న నియమం. దుంపలకు సుంకం తీసేద్దామా?"

తొండలు తలలూపాయి.

"జనం ఆమోదించారు. తేనెకు?"

మళ్లీ ఊపాయి. గొండప్ప ఇహిహి అని నవ్వాడు.

"ఆగు" అంది అవ్వ.

జంబయ్య తిరిగి చూశాడు. "ఓహో, నల్లమ్మవ్వగారా. రండి, రండి. మీ అభిప్రాయం కోసమే ఇదంతా. బండెక్కి చెప్పండి."

అవ్వ బండెక్కింది. అరికాళ్లు చుర్రుమన్నాయి. ఒక కాలు ఎత్తి ఇంకో కాలు దించుతూ, చిందేసినట్టే నిలబడి చెప్పింది.

"ఈ ఒప్పందం నాకు సమ్మతం కాదు."

తొండలన్నీ తలలూపాయి.

గొండప్ప కూడా నవ్వాలో వద్దో తెలియక సగం నోరు తెరిచి ఉండిపోయాడు.

"అవ్వమాట శ్రద్ధగా ఆలకిస్తున్నారు, అంతే" అన్నాడు జంబయ్య గబగబా.

అవ్వ తొండల పెద్ద తిరుపాలు మొహంలోకి వంగి చూసింది.

"ఒరే తిరుపాలూ, ఇందాక సుంకం తీసేద్దామంటే ఊపావు. ఇప్పుడు వద్దంటే ఊపావు. నీ బాధేంటిరా?"

"నాకేం బాధ లేదవ్వా. బండ కాలుతోంది. ఒళ్లు కాలితే మాకు తలాడుతుంది. మా తాతకూ ఆడేది."

"ఆ మాట చెప్పి చావొచ్చుగా."

"ఎవరూ అడగలేదవ్వా. పైగా జంబయ్యగారు మా రాళ్లసందు దాకా వచ్చి, 'తిరుపాలు గారూ, మీరు రావాలి' అని పిలిచారు. రెండోసారి కూడా వచ్చి పిలిచారు. ఉసుళ్లతో భోజనం పెట్టారు. అంత మర్యాద చేసినవాళ్ల సభలో మధ్యలో లేచిపోతే బాగుండదు కదా."

అవ్వ కాళ్ల మంట ఎటు పోయిందో పోయింది.

"మీ ఇంటికొచ్చి పిలిచాడా?"

"వచ్చాడవ్వా."

"రెండుసార్లు?"

"రెండుసార్లు."

తేనె పోతే పోయింది. ఇప్పపువ్వు పోతే పోయింది. తొండకు రెండుసార్లు పిలుపు, తనకు ఒక చెట్టు మీద టకటకా. అవ్వ వీపు మీద వెంట్రుక నిక్కబొడుచుకుంది. ఇక ఆమె ఈ ఒప్పందాన్ని వదిలేసి జంబయ్యను పట్టుకుంది.

"ఏమయ్యా గుమాస్తా. తల ఎండకు ఆడినా లెక్కేనా?"

"అలవాటుగా ఆడినా ఆమోదం ఆమోదమే" అన్నాడు జంబయ్య, గొండప్ప వింటున్నాడని గొంతు పెంచి. "బండ మీద ఊగిన తలను ఎందుకూగావని అడిగే హక్కు కొలువుకు లేదు. అది జనాన్ని అవమానించడం."

"అడిగేది ఎవరైనా సరేనా?"

"ఎవరైనా సరే."

అవ్వ గొండప్ప వైపు తిరిగింది. "అయ్యా చుట్టమా. మీ అడవిలో నక్కలున్నాయా?"

"బోలెడు. పనిలేక పొద్దుగూకితే ఒకటే ఊళలు. ఇహిహి."

"గుమాస్తా పని తెలిసినవి?"

"నక్కకు నేర్పాలా తల్లీ? ఒక్క ఎముక పడేస్తే చాలు, చెప్పినదంతా చేస్తాయి. మీ జంబయ్యగారు ఒక పూట తినేది మా దగ్గర నక్కల గుంపుకు గుంపే తింటుంది. ఇహిహిహి."

జంబయ్య తోక కిందికి జారింది.

అవ్వ బండ నడుమన నిలబడి, పెళ్లిలో వంటవాడిని పిలిచినంత గట్టిగా అడిగింది.

"జనమా, తేనెకు తీసేశాం, దుంపలకు తీసేశాం. గుమాస్తాలకు మాత్రం సుంకం ఎందుకు? చవగ్గా వచ్చే నక్కను వాగవతల నుంచి తెచ్చుకుందామా?"

అప్పటికి ఎండ నడినెత్తికొచ్చింది. తొండలు ఊపిన ఊపుకు బండ మీద దుమ్ము లేచింది. తిరుపాలయితే ముందుకాళ్ల మీద లేచి, పడి, లేచి, ఒంటినంతా ఊపాడు. మద్దిచెట్ల కింద కునుకు తీస్తున్నవాళ్లు, సభ అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు.

ఆ చప్పుడుకు దొర ఒక కన్ను తెరిచాడు.

"ఒక్క ఎముకతో సరిపెట్టుకునే గుమాస్తానా?"

"అవును దొరా" అంది అవ్వ. "జనం ఆమోదించారు."

"నా భోజనంలో వాటా అడగడా?"

"అడగడు దొరా" అన్నాడు గొండప్ప. "అడిగితే ఇంకొకణ్ణి పంపిస్తాం. ఇహిహి."

"ఇన్ని రోజులూ ఇంత మంచి ఒప్పందం ఎందుకు ఆపారు? ముద్ర వేద్దాం, తెండి" అని దొర పంజా చాచాడు.

జంబయ్య దొంగకు తేలు కుట్టినట్టు కొంచెంసేపు నిలబడ్డాడు. నిలబడితే పంజా పడుతుంది. ఒక్క ఉరుకున దొర కాళ్ల మీద పడ్డాడు.

"దొరా, తొండల తలలు లెక్కలోకి రావు. అవి ఎండకు ఆడతాయి. నాకు మొదట్నుంచీ తెలుసు."

"మరి తేనెకు ఆడింది?" అంది అవ్వ.

"ఎండకే."

"దుంపలకు?"

"అదీ ఎండకే అవ్వా."

"చాపలకు?"

"అన్నీ ఎండకే. చాలా?"

దొర చాచిన పంజా వెనక్కి తీసుకుని, దానిమీదే తల పెట్టుకుని మళ్లీ నిద్రపోయాడు. గొండప్పకు ఈసారి నిజంగానే నవ్వొచ్చింది. నవ్వుతూ వాగు దాటాడు, దాటాక కూడా నవ్వాడు. ఒప్పందం ముద్ర లేకుండా బండ మీదే మిగిలిపోయింది. తిరుపాలు దానికి కూడా కాసేపు తలూపాడు.

సుంకం మళ్లీ పడేసరికి వాగవతల తేనె ఆగిపోయింది. జింకలు ఇప్పపువ్వు బుట్టలతో, తలలు వంచుకుని గుహ ముందుకొచ్చాయి. అవ్వ ఎవరినీ ఏమీ అనలేదు. తేనె మాత్రం ఒకసారి వడకట్టింది. ఇంకోసారి వడకట్టింది. జింకల కాళ్లు పీకేదాకా వడకట్టింది.

దొర ఒకసారి పడుకుంటే ఏదీ గుర్తుండదు కాబట్టి జంబయ్య ఉద్యోగం అలాగే ఉంది. వానలు వెలిశాక అదే ఒప్పందం మీద మళ్లీ కొత్త విచారణ పెట్టాడు. ఈసారి టముకు కంటే ముందు తనే గుహ ముందుకొచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అవ్వా, మీరు రావాలి."

అవ్వ వినబడనట్టు కూర్చుంది.

"అవ్వా, మీరు రావాలి" అన్నాడు జంబయ్య, రెండోసారి.

అప్పుడు లేచింది. గుహ మూలనున్న దొప్ప తెచ్చి ముందు పెట్టింది. "ఇంటికొచ్చావు, ఉత్త నోటితో పోకూడదు. నాకి చెప్పు, ఎట్లా ఉందో."

జంబయ్య నాకాడు. ఒళ్లంతా ఒకసారి జలదరించింది. అయినా నవ్వు మొహం పెట్టాడు. "అమృతం అవ్వా. మీ చేతి తేనెకు వంక పెట్టేవాడు ఈ అడవిలో పుట్టలేదు."

"పులుపు తగల్లేదూ?"

"రామ రామ. పులుపేంటి."

"అది నాది కాదులే. వాగవతల నుంచి నువ్వు తెప్పించిందే. పులిసి చాలా రోజులైంది" అని అవ్వ చేతికర్ర అందుకుంది. నెమలి పెళ్లి నాటి చీమ ఆ రోజుతో చెవిలోంచి బయటికి పోయింది.

హుషారుగా ఏనుగుబండ చేరి చూస్తే, ముందు వరసలో ఒక్క తొండా లేదు. అన్నీ తాబేళ్లు. ఎండకు తలలు డిప్పల్లోకి ముడుచుకుని, గుండ్రాళ్లలా కూర్చున్నాయి.

"మహాజనులారా, నియమం మారింది" అంటున్నాడు జంబయ్య. "అభ్యంతరం ఉన్నవాళ్లు మాత్రమే తల ఎత్తండి."

అవ్వ చేతికర్ర పక్కన పెట్టి, బండెక్కడానికి కాలెత్తింది.

నీతి: జనం మాట కొలువుకు వినబడాలంటే గట్టిగా అరవనక్కర్లేదు, గుమాస్తా అన్నంలో మన్ను పడేలా అంటే చాలు.