కెమెరా తెరకి మూడో పొర

కెమెరా తెర మీద పొర లేదు. సాల్మన్ రాజు తల్లిని వెంటబెట్టుకుని టెక్కలిలో బస్సెక్కేశాడు.

ఈ రెండు సంగతులూ సైలస్‌కి ఒకేసారి తెలిశాయి. మొదటిది కంటితో చూశాడు, రెండోది సెల్‌ఫోన్‌లో విన్నాడు. తుడుస్తున్న గుడ్డ చేతిలో అలాగే ఉండిపోయింది.

నిజానికి ఆ పొద్దున అతను వేసుకున్న పథకం చాలా మామూలుది. కెమెరా తుడిచి, సంచిలో పెట్టి, దాని సొంతదారుకి అప్పగించాలి. టీ ఇవ్వాలి. చెల్లెలు నిస్సీ పెళ్లి మాట ఖాయం చేయించుకోవాలి. అంతే.

పెళ్లికొడుకు కావలసిన సాల్మన్ రాజు టెక్కలిలో మాస్టారు. విశాఖపట్నంలో కొన్న ఆ డిజిటల్ కెమెరా అతనికి ప్రాణం. కిందటి ఆదివారం బారువ సముద్రంలో నిస్సీ బాప్తిస్మం తీసుకుంటోందని తెలిసి, ఫొటోలు తీయమని తనంతట తానే పంపాడు. పంపుతూ ఒక్కటే చెప్పాడు. తెర మీద గార్డు అంటించాను, ఇసక తగిలినా గీతలు పడవు, ఆ గార్డు మాత్రం జాగ్రత్త అని.

ఆ గార్డే లేదు. బారువ ఇసకలో ఊడిపోయి ఉంటుందని సైలస్ తేల్చుకున్నాడు. పోయింది ప్లాస్టిక్ పొరే కదా అని ఊరుకుందామంటే, వస్తున్నది మగ్దలీనమ్మ. టీ గ్లాసు అంచు కాస్త విరిగి ఉందని అంతకు ముందు ఒక సంబంధం వదిలేసిన మనిషి. నిస్సీకేమో సాల్మన్ రాజంటే ఇష్టం. ఆమె ఆ మాట ఎవరికీ చెప్పలేదు గానీ ఇంట్లో అందరికీ తెలుసు.

సైలస్ కాశీబుగ్గలోని గోవిందు సెల్‌ఫోన్ల కొట్టుకి పరిగెత్తాడు. కెమెరా గార్డులు లేవన్నాడు గోవిందు. పెద్ద ఫోన్లవి రెండు రకాలు తీసి, కత్తెరతో కత్తిరించి ఇస్తానన్నాడు.

"మసకది ఎండలో బాగుంటాది. మెరుపుది బొమ్మకి బాగుంటాది. నీకు ఏటి కావాలి?"

"నాకు సంబంధం కావాలి, గోవిందూ."

గోవిందు ఆలోచించి మెరుపుది కత్తిరించాడు. అంచు కనబడదట. సైలస్ ఇంటికొచ్చి ఊపిరి బిగబట్టి అంటించాడు. బుడగ కూడా రాలేదు. తండ్రి జెకర్యాకి మాత్రం సంగతి చెప్పలేదు. ఆయన సంఘ పెద్ద. ఎవరేమడిగినా నిజమే చెబుతాడు.

చుట్టాలొచ్చారు. మగ్దలీనమ్మ జీడి కార్ఖానాలో పప్పు మీద పొట్టు తీస్తూ కొడుకుని చదివించిన మనిషి. కూర్చుంటూనే ఒక చూపుతో గది నాలుగు మూలలూ చూసింది. టీ గ్లాసు అంచు వేలితో తడిమి, తృప్తిపడి తాగింది. కెమెరా చేతులు మారింది. అలలోంచి పైకి లేస్తున్న నిస్సీ ఫొటో దగ్గర ఆమె ఆగిపోయింది. తానూ ఆ సముద్రంలోనే మునిగానని, పెద్ద అల వచ్చి తనతోపాటు బాప్తిస్మమిస్తున్న అయ్యగారినీ పడేసిందని చెప్పుకుపోయింది. జెకర్యా నవ్వాడు. అందరూ నవ్వారు.

కెమెరా తిరిగి సాల్మన్ రాజు చేతికొచ్చింది. అతను తెర మీద వేలు రాసి చూశాడు.

"గార్డు ఏదండీ?"

సైలస్ కూడా వేలు రాసి చూశాడు. అసలుది బారువలో పోయిందనీ, పొద్దున కొత్తది అంటించాననీ, అదెలా పోయిందో తెలియదనీ ఒప్పేసుకున్నాడు. మగ్దలీనమ్మ కనుబొమ్మ లేచింది. సాల్మన్ రాజు మంచివాడు. ఇంకోటి తెచ్చుకుందాం పదండంటూ తానే సైలస్ బండెక్కాడు.

దారిలో అతనికి అసలు గార్డు సంగతే అంతుపట్టలేదు. "అంటించి అమ్మ చేతికే ఇచ్చాను, సంచిలో పెట్టమని. అమ్మ పెట్టిందంటే ఊడే ప్రశ్నే లేదు."

మాస్టారు కాబట్టి కొట్లో ప్రతి గార్డుకీ పరీక్ష పెట్టాడు. గాజుబల్ల మీద అంటించడం, మూల దగ్గర గోటితో గీకడం. లేచినవన్నీ ఫెయిల్. చివరికి ఒక మందపాటిది పాసయింది. ఇది అంటితే ఇక కెమెరాతోపాటు పారెయ్యాల్సిందేనని గోవిందు హామీ ఇచ్చాడు.

ఇంటికొచ్చాక సాల్మన్ రాజే అంటించి, రుమాలుతో నొక్కి, తల్లి మళ్లీ అడిగిందని సముద్రం ఫొటో పెట్టి ఇచ్చాడు.

సైలస్ చెల్లెల్ని వంటగదిలోకి పిలిచాడు. అతని అనుమానం ఆమె మీదే. నిస్సీ కూడా జీడి కార్ఖానాలో పొట్టు తీస్తుంది. ఇంట్లో సీసాల మీద కాగితం ఒక్కటీ మిగలనివ్వదు.

"నువ్వేనా?"

"నాను ముట్టుకోనేదు అన్నియ్యా. అందుకే సేతులు ఎనక్కి కట్టుకుని నిలబడ్డాను, సూడు."

ఇద్దరూ బయటికొచ్చేసరికి మగ్దలీనమ్మ కథలో రెండో అల వచ్చి వెళ్లిపోయింది. సాల్మన్ రాజు కెమెరా పట్టుకుని తెరని వెలుగుకి అటూ ఇటూ తిప్పుతున్నాడు. మూడో పొర కూడా లేదు.

చాప కింద వెతికారు, పళ్లెం కింద వెతికారు. సైలస్ గోవిందుని తిట్టాడు. సాల్మన్ రాజు తన పరీక్షనే అనుమానించాడు. మగ్దలీనమ్మ కొంగు సర్దుకుని లేచి నిలబడింది.

"పోయింది ముక్క ప్లాస్టిక్కు. దానికి నానేటీ అనను. తీసినోలు తీసామని సెప్పుకునే నోరు ఈ ఇంట్లో నేదు, అదీ నా బాద. ఎవులు తీసారో సెప్పండి, కూకుంటాను. నేకపోతే ఎల్లిపోతాను. పద బాబూ."

అప్పుడు కనబడ్డాయి. ఆమె తెల్లచీర కుచ్చిళ్ల మీద రెండు పొరలు అంటుకుని మెరుస్తున్నాయి. ఎక్కడా చిరగలేదు, మూల కూడా నలగలేదు.

ఆమె తప్ప అందరూ చూశారు. చెబితే పదిమందిలో ఆమె పరువు పోతుంది. చెప్పకపోతే సంబంధం గడప దాటుతుంది. నిజం చెప్పడానికి జెకర్యా నోరు తెరిచాడు. సైలస్ ఆయన కాలు తొక్కాడు. సాల్మన్ రాజు ముఖం చూస్తే, పాఠం మరిచిపోయి తరగతిలో నిలబడ్డట్టుంది.

"ఒక్కలికీ నోరు పెగలదేటి?" అంది మగ్దలీనమ్మ.

పొద్దుటినుంచీ ఆమెని మీరు, అమ్మగోరు అంటూ గోడకి ఆనుకునే ఉన్న నిస్సీ, కట్టుకున్న చేతులు విప్పింది. వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చుని, రెండు పొరల్నీ గోటితో నెమ్మదిగా తీసి, ఆమె అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

"నువ్వే, అత్తా. మాటల్లో పడితే నా సేతులూ అంతే."