స్టూలాధిరోహణము

అద్దెలు ఆకాశమునంటగా జీతములు మాత్రము నేల కరచుకొని పడియున్న మహానగరమున, సహస్రదీపప్రభాభాసురమును శీతలయంత్రమారుతపరివీజితమును అగు మూడంతస్తుల బట్టల దుకాణమున, తువాళ్ల విభాగమునకు ఏకైక రక్షకురాలై, పదకొండేండ్లుగా కాలు మడవక నిలిచిన వీరాంగన యొకతె గలదు. తోటివారామెను పెద్దక్క అందురు. ఆ కోటలో కూర్చుండు భాగ్యము కొనువారిదే గాని అమ్మువారిది కాదు. పొద్దు గ్రుంకుసరికి ఆమె మోకాళ్లు వాచి, ఇంటి మెట్లు కూర్చుని ఎక్కవలసి వచ్చుచుండెను.

ఒకనాడు, కొత్తగా చేరిన పిల్ల మాటల నడుమ తన జీతమెంతో చెప్పెను. అది పెద్దక్క జీతముతో సమానము. తన పదకొండేండ్లకు విలువ సున్నయని తెలిసిన ఆ క్షణమున, ఆ శాంతమూర్తి కోపారుణనేత్రయై, మడచుచున్న తువాలును గదవలె భుజమున వేసికొని, మేనేజరు గదిపై దండెత్తెను.

చక్రాసనమున గిరగిర తిరుగుచు అతడామె మొర ఆలకించి, మేఘగంభీరస్వరమున బిరుదాస్త్రమును సంధించెను.

"చూడమ్మా, మార్కెట్ అస్సలు బాలేదు. ఉద్యోగాల్లేక జనం అల్లాడుతున్నారు. మనది కంపెనీ కాదు, కుటుంబం. జీతం సంగతి తర్వాత చూద్దాం. ముందు నిన్ను సీనియర్‌ని చేస్తా, బ్యాడ్జి ఇస్తా."

ఆ అస్త్రమునకు అంతకుముందు కూలినవారెందరో. పెద్దక్క చలింపలేదు.

"కుటుంబమే అయితే సార్, ఇంటి మనిషిని ఇన్నేళ్లు నిలబెడతారా? బ్యాడ్జి మీరే పెట్టుకోండి. నాకు కూర్చోడానికి ఏదైనా ఇవ్వండి. లేదంటే రేపట్నుంచి రాను."

మరునాడే తగ్గింపు ధరల మహాసంగ్రామము. తిరుగుచున్న కుర్చీ ఠక్కున ఆగెను. మేనేజరు, కస్టమర్లు లేనప్పుడు మాత్రమేనని షరతు పెట్టి, సంధికి ఒడంబడెను.

అంతట గోదాము మూల ధూళిధూసరితమై పడియున్న ప్లాస్టిక్ స్టూలొకటి, పొట్టికాలితో కుంటుచు, తువాళ్ల రాజ్యమునకు వేంచేసెను. కొత్తపిల్ల దాని కాలి క్రింద అట్టముక్క దోపెను. జనము పలుచబడిన వేళ పెద్దక్క మెల్లగా కూర్చుండి, కన్నులు మూసికొని, ఒక్క నిట్టూర్పు విడిచి, వెంటనే లేచెను.

"నువ్వూ కాసేపు కూర్చోవే," అనెను.

నగరవాసులారా, చెవులొగ్గి వినుడు. జీతము దమ్మిడీ పెరుగలేదు. అయినను ఆ సాయంత్రము, అమ్మువారిలో ఇద్దరు, ఒకరి తరువాత ఒకరు, తువాళ్ల కస్టమరు మెట్లెక్కి వచ్చునంతవరకు, కూర్చుండిరి.