రాతికి జరుగుతున్న సేవ

మా వీధి చివర డ్రిల్లింగ్ మిషన్ ఎప్పటికీ ఆగకూడదు. నవ్వకండి, సీరియస్‌గానే చెబుతున్నాను!

ఆ చప్పుడు పుణ్యమా అని మా ఇంట్లో ఎంత ప్రశాంతత! అరలో గ్లాసులు వాటంతటవే అంచుదాకా నడిచొస్తున్నాయి. నెల రోజులుంటానని పెట్టెతో దిగిన మా బావమరిది మర్నాడే పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. మా ఆవిడ తిడుతోందో పొగుడుతోందో నాకు తెలియడం లేదు. పొగడ్తే అనుకుని తలూపుతున్నాను. ఇంతకన్నా ఏం కావాలండీ?

ఇంతకీ ఆ మిషన్ ఎందుకంటారా? మా వెనకున్న ఫ్యాక్టరీ వదిలే గ్యాస్‌ను భూమి లోపల, రాతి పొరల్లో దాచేస్తారట. పైరాయి మూతలా గట్టిగా ఉంటే అది బయటికి రాదట. ఆ మూతకు చిల్లు లేదని తేల్చుకోవడానికి ఇప్పటికి దానికి నాలుగు చిల్లులు పెట్టారు. సైన్సంటే అదీ!

ఆ రాతికి జరిగే మర్యాద చూస్తే నాకు అసూయ. స్కానింగ్ చేశారు. ముక్క తీసి ల్యాబుకు పంపారు. ఒత్తిడి ఎంత తట్టుకుంటుందో చూస్తున్నారు. మేం రాళ్ల డాక్టరని పిలుచుకునే జియాలజిస్టు గారైతే ఆ ముక్కలను పెట్టెల్లో పడుకోబెట్టి, నీళ్లు చల్లి, భూతద్దంతో మరీ చూస్తారు. నాకు జ్వరమొస్తే ఇంట్లో ఇందులో సగం హడావుడి కూడా ఉండదు.

మూడేళ్లుగా ఇదే వరస. ఎప్పటికి తేలుతుందని ఆయన్నే అడిగాను.

“తొందరపడితే ఎలాగండీ? రాయి పట్టుకోగలదో లేదో చూడకుండా గ్యాస్ ఎక్కిస్తే ప్రమాదం కదా!”

ఎంత జాగ్రత్త! ఆ భరోసాతోనే ఫ్యాక్టరీకి రెండో చిమ్నీ కూడా లేచింది. ఎలాగూ అంతా రాతిలోకే పోతుందిగా!

“మరి తేలేదాకా ఆ గ్యాసూ, పొగా ఎక్కడికి పోతాయండీ?”

ఆయన చిమ్నీల వైపు చూశారు. “అప్పటిదాకా... మామూలేనండీ.”

మామూలంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు. మా ఆవిడ కిటికీలు మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కుతుంది. ఐదేళ్ల మనవరాలు మంచం మీద కూర్చుని, ముక్కుకు మాస్కు పెట్టుకుని మందు పీలుస్తుంది. మిషన్ ఆగిన పూట ఆ పిల్ల దగ్గు వీధిదాకా వినిపిస్తుంది. అందుకే అది ఆగకూడదన్నాను.

నిన్న మాస్కు పక్కకు జరిపి అడిగింది. “తాతా, ఆ రాయికి కూడా ఆయాసమేనా?”

“కాదమ్మా. గ్యాస్ పట్టుకోగలదో లేదో ముందే చూస్తున్నారు” అన్నాను.

దీని ఊపిరితిత్తులకైతే ఏ పరీక్షా అక్కర్లేకుండానే పర్మిషన్ ఇచ్చేశారు.