మల్టీటూల్ మహిమా, మా దొడ్డి గడియా

రండి, ఇంకాస్త పొయ్యి దగ్గరికి జరగండి. అంత చివర కూర్చుంటే నా మాట గాలికి పోతుంది, మీకు చలి మిగులుతుంది. మాతే కషాయం గిన్నె చేతికొచ్చినవాళ్ళు తాగి తిరిగివ్వండి, పట్టుకుని కబుర్లు చెప్పకండి. ఇవాళ నేను చెప్పేది మీ మంచికే.

మనిషికి ఒక్క కత్తి చాలదు!

అవును, నేనే అంటున్నాను. ఎనభై దాటిన ఒటిలియాని, పుట్టిన దగ్గర్నుంచీ ఈ తకువారెంబో కొండల్లో పశువుల మధ్యే బతికినదాన్ని. నడుం వెనక బెల్టులో ఒక్క కత్తి దోపుకుని దొడ్డిలోకి నడిచే మగవాణ్ణి చూస్తే నాకిప్పుడు జాలేస్తోంది. ఒక్కటే బ్లేడు! మడతలు లేవు, స్ప్రింగులు లేవు. లాగితే వచ్చేస్తుంది, కోస్తే తెగిపోతుంది. ఇంకేముంది అందులో? బుర్రకి పనుందా? పదిమందికి చూపించుకోవడానికి ఏమన్నా ఉందా?

అదే మల్టీటూల్ చూడండి! మడిస్తే సబ్బుబిళ్ళ, విప్పితే ముళ్ళపంది. నిప్పుపెట్టె వచ్చాక మా కొండలకి ఇంత గొప్ప వరం మళ్ళీ రాలేదు.

ఈ సంగతి అందరికంటే ముందు గ్రహించినవాడు మా అల్లుడు గువాల్బెర్తో, మా మిర్తా మొగుడు. వేసవంతా ఫోను చక్కెర డబ్బాకి ఆనించి కత్తుల వీడియోలు చూశాడు. మాకు మే నెలంటే ఆకులు రాలే కాలం, దూడలకి ముద్రలేసే కాలం. ఆ పనికి నమ్మదగ్గ పనిముట్టు ఎంచుకోవడమంటే మాటలా? ఆ వీడియోల్లో మంచు అడవిలో నిలబడ్డ గడ్డపాయన ఒకడు కాగితాన్ని గాల్లో పట్టుకుని సర్రున కోసేవాడు. మా అల్లుడు ఊపిరి బిగబట్టేవాడు.

"చూశారా అత్తగారూ, పదునంటే అదీ!"

"చూశాను నాయనా. మన దూడలకి ఎంచక్కా కాగితం చుట్టుంటే ఎంత బాగుండేది!"

"మీకు అర్థం కాదులెండి. ఇది టెక్నాలజీ."

అర్థం కాకపోవడమేం, చక్కగా అయింది. మా పాతవాళ్ళు కత్తి ఎంచుకునేటప్పుడు ఏం చూసేవాళ్ళో తెలుసా? తడి చేత్తో పట్టుకుంటే పిడి జారకూడదు. సానరాయి మీద కాసేపు గీస్తే పదును తిరిగి రావాలి. గుర్రం ఎంత ఎగిరినా ఒరలోంచి పడకూడదు. అంతే! ఎంత అనాగరికమో చూడండి. రంగు గురించి ఒక్క ముక్క లేదు. గ్యారంటీ కార్డు ఊసే లేదు.

రాజధాని మోంతెవిదేవో నుంచి పార్సిల్ వచ్చిన రోజు ఇంట్లో పండగే. డబ్బా మీద ఇరవై పైచిలుకు పనులు చేస్తుందని రాసి ఉంది. జీవితకాలం గ్యారంటీ అని కూడా ఉంది. ఎవరి జీవితకాలమో రాయలేదు.

అందులో ఏముందని అడగకండి, ఏం లేదని అడగండి. దిక్సూచి ఉంది. వంటింటికీ దొడ్డికీ మధ్య దారి తప్పుతామన్న బెంగ ఇక ఎవరికీ లేదు. చేప పొలుసు గీకేది ఉంది. మా వాగులో చేప చిటికెన వేలంత ఉంటుంది, పొలుసు గీకాక చేప మిగలదు, అయినా ఉంది. భూతద్దం ఉంది. బుల్లి కత్తెర ఉంది. పళ్ళు కుట్టుకునే పుల్ల ఉంది. నిజం చెప్పాలి, అన్నిటికంటే కష్టపడేది ఆ పుల్లే. రోజూ భోజనం కాగానే డ్యూటీ ఎక్కుతుంది.

తుప్పు పట్టదు! అది దాని అసలు మహిమ. నెత్తురు అంటదు, కొవ్వు తగలదు, బురదలోకి దిగదు. తోలు సంచిలోంచి బయటికొస్తేగా! మా ఆయన కత్తి నలభై ఏళ్ళు వాడి వాడి అరిగి సూదైపోయింది. అల్లుడి మల్టీటూల్ కొన్న నాడు ఎలా ఉందో నేడూ అలాగే ఉంది. ఏది గట్టిదో మీరే చెప్పండి.

ఇక స్క్రూడ్రైవర్లు. ఒకటి కాదు, మూడు! మా పశువుల దొడ్డి గేటు గడియ గొర్రెల ఉన్ని కత్తిరించిన నాటి నుంచీ ఒక్క స్క్రూ మీద వేలాడుతోంది. ఆ గేటులోంచి పొద్దునా సాయంత్రం మూడు స్క్రూడ్రైవర్లు మా అల్లుడి నడుం మీద ఊరేగుతూ వెళ్ళేవి, ఊరేగుతూ వచ్చేవి. ఒక్కసారైనా ఆ స్క్రూని ముట్టుకున్నాయా? ఎంత మర్యాద! ఎంత నిగ్రహం!

చూసి ఊరుకుంటారా మిగతావాళ్ళు? మా అబ్బాయి విల్మార్ ఒకటి తెప్పించాడు. పక్క కొండవాళ్ళు తెప్పించారు. ముద్రలేసే రోజుకి మా వాకిట్లో మనుషులకంటే తోలు సంచులే ఎక్కువ కనిపించాయి. పాత పద్ధతిలో ఒక్క కత్తితో వచ్చినవాడు మా పొరుగాయన నెపొముసేనో ఒక్కడే. మునుపెప్పుడో ఎద్దు తొక్కితే ఆయన కుడిచెయ్యి చచ్చుబడింది, తన కత్తి భోజనానికి తప్ప తియ్యడు. అందుకని కంచె మీద కూర్చుని నోటితో పనిచేస్తాడు.

పొద్దున్నే మొదలైంది. దక్షిణపు గాలి చెవులు కోస్తోంది. మొదటి దూడని తాడేసి పడేశారు, ఇద్దరు మీద కూర్చున్నారు. మగదూడ, విత్తులు తియ్యాలి. గువాల్బెర్తో ముందుకొచ్చాడు, సంచి బటను తీశాడు, పనిముట్టు బయటికి తీశాడు. ముందు బిరడా తీసేది వచ్చింది. అది మూశాడు. రంపం వచ్చింది. చలికి వేళ్ళు మొద్దుబారాయి, బ్లేడు గాడిలోంచి రానంటోంది.

కంచె మీంచి నెపొముసేనో అరిచాడు: "ఒరేయ్ గువాల్బెర్తో! దూడని వెళ్ళి రేపు రమ్మని చెప్పు, పాపం ఎంతసేపని పడుకుంటుంది?"

"ఉండవయ్యా, సేఫ్టీ లాక్ ఉంది దీనికి!"

"దూడకి కూడా ఉన్నట్టుందిరా, అందుకే బతికిపోతోంది!"

అదిగో, అప్పుడు విల్మార్ వంటింట్లోకి పరిగెత్తుకొచ్చాడు. నా సొరుగు లాగాడు.

"అమ్మా, నీ కత్తి. ఒక్క క్షణం. ఇప్పుడే తెచ్చిస్తా."

నా కత్తి సంగతి మీకు చెప్పాలి. పాత ఉన్ని కత్తెర రెక్కతో చేసిన కత్తి అది. నిమ్మకర్ర పిడి, దానికి పచ్చితోలు చుట్టు. నా పెళ్ళినాటిది. నా వేళ్ళు కీళ్ళవాతంతో వంకర్లు పోయాయి, వాటితోపాటే ఆ పిడీ అరిగింది. వేరే కత్తి ఇస్తే పట్టుకోలేను, జారిపోతుంది. అదొక్కటే నా చేతిలో నిలుస్తుంది.

దానికేముందిలే అంటారా? మా దగ్గర పండగ భోజనానికి పళ్ళేలుండవు. తోలుతో సహా కాల్చిన మాంసం మధ్యలో పెడతారు, చుట్టూ నిలబడి ఎవరి కత్తితో వాళ్ళు కోసుకుంటారు. వేరేవాళ్ళు కోసిపెడితే తినేది ఇద్దరే. ఒకరు చంటిపిల్లలు, ఇంకొకరు లెక్కలోంచి తీసేసినవాళ్ళు. మా అక్క పెత్రోనాకి కూతురు మొదటిసారి మాంసం కోసి నోటికందించిన రోజు నేనక్కడే ఉన్నాను. ఎంత ప్రేమగా కోసిందనుకున్నారు! ఆ రోజు నుంచి ఏ ఆవుని అమ్మాలో, ఏ పొలంలో విత్తాలో మా అక్కని అడిగినవాళ్ళు లేరు. దుప్పటి కప్పి కిటికీ పక్కన కూర్చోబెట్టారు. అందుకని, నా సొరుగులో ఉన్నది కత్తి అని మీరనుకోండి. నా లెక్కలో అది నా కుర్చీ.

ఆ ఒక్క క్షణానికి వెళ్ళిన కత్తి పొద్దంతా రాలేదు.

మా వాళ్ళకో పట్టింపు ఉంది. కత్తిని చేతి నుంచి చేతికి ఇవ్వరు, ఇస్తే ఇద్దరికీ తగువొస్తుందంటారు. ఒకరు ఎక్కడో పెట్టాలి, ఇంకొకరు తీసుకోవాలి. దాంతో నా కత్తి స్తంభం మీంచి స్తంభం మీదికి ప్రయాణం కట్టింది. విల్మార్ పెట్టాడు, ఇంకెవరో తీశారు. దూడల విత్తులు తీసింది అదే, చెవులకి గాట్లు పెట్టింది అదే, బిగుసుకున్న తాడు కోసింది అదే, బూటులో దిగిన ముల్లు తీసింది అదే. అంతసేపూ ఆ తోలు సంచులన్నీ ఎండలో తళతళా మెరుస్తూనే ఉన్నాయి. ఒక్కదాని మీదా గీత పడలేదు. నమ్మదగ్గవని ఊరికే అన్నానా!

మధ్యలో ఒక కోడెదూడ గేటుని గుద్దింది. "గడియ ఊడింది!" అని కేక వినిపించింది. ఆ చివరి స్క్రూ కూడా సెలవు తీసుకుందన్నమాట. నేను వంకాయల పచ్చడి కలుపుతూ విన్నాను.

మధ్యాహ్నం మాంసం దించారు. అందరూ చుట్టూ చేరారు. నేను ఏప్రన్‌కి చేతులు తుడుచుకుని వెళ్ళాను.

"విల్మార్, నా కత్తేదిరా?"

"ఇక్కడే ఎక్కడో స్తంభం మీద పెట్టానమ్మా."

"ఏ స్తంభం?"

వాడు దొడ్డి చుట్టూ చూశాడు. స్తంభాలకేం తక్కువ?

అప్పుడు మా అల్లుడు ముందుకొచ్చాడు. మనసు బంగారం, కాదనను. సంచి తెరిచాడు, ఈసారి వెంటనే తెరుచుకుంది. బుల్లి కత్తెర వచ్చింది.

"మీరు కూర్చోండి అత్తగారూ. నేను ముక్కలు చేసి పెడతాగా. మెత్తటివి చూసి పెడతాను."

మిర్తా నా భుజం మీద శాలువా సర్దింది. ఆ సర్దడం నాకు తెలుసు. మా అక్కకి కూడా అలాగే సర్దారు.

"ఆకలి లేదు నాయనా" అన్నాను.

"కాస్త తినండీ, నీరసమొస్తుంది."

"నా కత్తి దొరికాక తింటాను. మీరు కానివ్వండి."

ఇంటి పెద్దది తినకపోతే మాంసంలో కత్తి దింపడం మా దగ్గర లేదు. కాల్చిన కొవ్వు చల్లారుతోంది. ఇక చూడాలి వెతుకులాట! పట్టపగలు మల్టీటూల్ టార్చిలైట్లు వెలిగాయి. ఒకడు భూతద్దం పెట్టి పేడలో చూశాడు. నెపొముసేనో ఊరుకుంటాడా?

"దిక్సూచి తియ్యండ్రా! కత్తి ఉత్తరానికి పారిపోయి ఉంటుంది!"

నేను మాత్రం గేటు వైపు చూశాను. గడియ ఊడిన గేటు. లోపల ముద్రపడని దూడలు తోసుకుంటున్నాయి, బయట తల్లులు అరుస్తున్నాయి. గేటు మాత్రం కదలడం లేదు. ఎందుకు కదలడం లేదు?

లేచి నడిచాను. గేటుకీ గుంజకీ ఉన్న రెండు గొళ్ళేల మధ్య పిడిదాకా దిగి ఉంది నా కత్తి. గడియ బదులు గేటుకి చీలగా మారిపోయింది.

"ఇక్కడ పెట్టిందెవరు?"

గువాల్బెర్తో గొంతు సవరించుకున్నాడు. "నేనే అత్తగారూ. ఒక్క క్షణానికే పెట్టాను. తరవాత మర్చిపోయా. ఇప్పుడు తియ్యకండి, దూడలన్నీ బయట పడతాయి! మీకు నేను కోసిపెడతానన్నాగా!"

"సరే నాయనా. ఆ పనిముట్టు ఒకసారి ఈ స్తంభం మీద పెట్టు, చూస్తాను."

అత్తగారికి టెక్నాలజీ మీద ఆసక్తి కలిగిందని వాడి మొహం వెలిగిపోయింది. భద్రంగా మడిచి, చొక్కాకి తుడిచి, స్తంభం మీద పెట్టాడు. స్తంభం మీద పెట్టింది ఎవరిది? తీసుకున్నవాళ్ళది. ఆ పట్టింపు నేను పెట్టింది కాదు.

నేను తీసుకున్నాను. ఒక చేత్తో కత్తి లాగాను, రెండో చేత్తో మల్టీటూల్ గొళ్ళేల్లో దోపాను. కొలిచి చేసినట్టు సరిపోయింది! దూడలు గుద్దాయి. గేటు కదల్లేదు. కంచె మీంచి నెపొముసేనో నవ్వుతూ నవ్వుతూ వెనక్కి పడిపోయాడు. దెబ్బేం తగల్లేదు, బురద.

కత్తి అంచు రంపపు పళ్ళలా తయారైంది. అయినా నా చేతిలో నిలిచింది. పక్కటెముక దగ్గర నాక్కావలసినంత నేనే కోసుకున్నాను, రొట్టె మీద పెట్టుకుని నిలబడే తిన్నాను. రెండో ముక్క కోస్తుంటే విల్మార్ దగ్గరికొచ్చి మెల్లిగా అడిగాడు: "అమ్మా, పెయ్యల్ని ఈ చలికాలం ఏ పొలంలో విడుద్దామంటావు?"

వాగు పక్క పొలంలో విడవమన్నాను.

మర్నాడు అల్లుడొచ్చాడు. "అత్తగారూ, నా మల్టీటూల్..."

"తీసుకో నాయనా. ముందు గడియ బిగించు."

"దానికి స్క్రూడ్రైవర్ కావాలండీ."

"నీకు మూడున్నాయిగా?"

"అవి గేటులో ఉన్నాయి అత్తగారూ."

ఇప్పటికీ అక్కడే ఉంది. వానకి తడుస్తోంది, మంచుకి నానుతోంది, దూడల గుద్దులు తింటోంది. మొట్టమొదటిసారి పనిచేస్తోంది! అందుకే అంటున్నాను, ఆకురాలే కాలానికి మల్టీటూల్‌ని మించింది లేదు. కొనేటప్పుడు కాగితం కోసి చూడకండి. మీ గేటు గొళ్ళెం కొలత తీసుకెళ్ళండి.

లేస్తున్నారా? అయితే ఈ మాట గుర్తుపెట్టుకోండి, మీ ఊరెళ్ళాక నలుగురికీ చెప్పండి. మగవాళ్ళని ఎన్ని బ్లేడులున్నవైనా కొనుక్కోమనండి, నడుం చుట్టూ వేలాడదీసుకోమనండి. వంటింటి సొరుగు మాత్రం తెరవొద్దనండి. ఒక్క క్షణానికి కూడా.