బాతు నూగు బొంత

గురువారం పొద్దున రేపల్లెలో ఏడింటి రైలు కూత వేసేసరికి చలపతిరావు స్టేషన్లో లేడు. గోనెసంచి భుజాన వేసుకుని, చీపురు చేతబట్టుకుని, ఊరి బయట కోత కోసిన చేల వైపు నడుస్తున్నాడు. పదకొండేళ్లుగా అదే రైల్లో తెనాలి ఆఫీసుకి వెళ్లొస్తున్న గుమాస్తా ఆయన. ఆ రోజు సెలవు పెట్టింది శనివారంలోగా బాతు ఈకలతో బొంత కుట్టడానికి. ఆ బొంత బాపట్ల సముద్రపొడ్డున కప్పుకోవడానికి! నడి చలికాలంలోనూ ఫ్యాను ఆపని ఊళ్లో పుట్టిన మనిషికి వచ్చిన ఆలోచన అది.

ఇదంతా నోటి దురదవల్ల వచ్చింది. ఆఫీసరు ఇందుమతి మేడం మంచుకొండలు ఎక్కొచ్చిన మనిషి. శనివారం స్టాఫునంతా బాపట్ల దగ్గర సూర్యలంక తీసుకెళ్లి, గుడారాలు వేయించి, రాత్రికి అక్కడే పడుకోబెడతానంది. మాటల్లో మాటగా, కొండమీద కప్పుకున్న బాతు నూగు బొంతంత హాయి ఇంకెక్కడా లేదని కూడా అంది. చలపతిరావు ఊరుకోవచ్చు కదా?

"అదెంత పనండి మేడం! మా ఇంట్లో బొంతలు మేమే కుట్టుకుంటామండి. శనివారానికి మీకొకటి నా చేత్తో కుట్టి తెస్తానండి."

ఆయన పుట్టి బుద్ధెరిగాక చొక్కా గుండీ అయినా కుట్టుకున్నవాడు కాదు. మేడం నవ్వింది.

"తీసుకురండి. అందులో హాయిగా నిద్ర పట్టిందంటే సోమవారం మీ రేపల్లె ట్రాన్స్‌ఫర్ మీద సంతకం పెట్టేస్తా."

పదకొండేళ్ల రైలు బాధ ఒక్క బొంతతో తీరిపోతుందంటే ఎవరికైనా మతి నిలుస్తుందా? ఉన్న కాస్తా ఆ క్షణమే పోయింది.

చేలో అంద్రెయ బాతుల మందను మేపుతున్నాడు. చలపతిరావు సంగతి చెప్పగానే ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"నూగంటే రొమ్ము కింద ఉంటదండి బాబుగారూ. గుప్పెడు రావాలంటే పాతిక బాతుల్ని కొయ్యాలి."

"కొయ్యక్కర్లేదయ్యా. రాలినవి ఊడ్చుకుంటాను."

"ఊడ్చుకోండి. ఈకలతోపాటు ఇంకోటి కూడా వస్తది మరి."

అదీ వచ్చింది. నూగు పిడికెడు, ఈకలు సంచెడు, మిగతాది మోయలేనంత. దాన్నంతా కుంకుడు రసంలో మూడుసార్లు నానబెట్టి, దోమతెర కింద ఆరబెడితే, చేపల బుట్టలో అగరొత్తి వెలిగించినట్టు ఒక వాసన ఇల్లంతా పట్టుకుంది.

గాలి చొరబడని చిక్కటి గుడ్డ వాడాలని ఫోన్లో ఎవడో చెప్పాడట. ఆ మాట వినగానే వాళ్లావిడ మంగతాయారు మండిపడింది.

"ఏంటి, ఫోన్లో వాడికి తెలిసి మా అమ్మమ్మకి తెలీదా? బొంతకి కొత్తగుడ్డ వేస్తారా ఎక్కడైనా? ఒళ్లంతా గీరుకుపోదూ?"

అంటూనే పెట్టెలోంచి పాత పేరాల నేతచీర తీసింది. ఇరవై ఏళ్లు ఉతికిన చీర. అవతల నిలబడిన మనిషి మీసం వెంట్రుకలు ఇవతల నుంచి లెక్కపెట్టొచ్చు. దబ్బనం పెట్టి శుక్రవారం సాయంత్రానికి ఇద్దరూ కుట్టేశారు. కుట్టుకీ కుట్టుకీ మధ్య చీమ కాదు, కప్ప దూరేంత సందు.

శనివారం సాయంత్రం సూర్యలంకలో మేడం ఆ బొంతను చూసి మురిసిపోయింది. ఫొటో తీయించుకుంది. అంతటితో చుట్టి గుడారంలో పడేసినా చలపతిరావు బతికిపోయేవాడు. కానీ కొత్త బొంతని దండెం మీద వేసి కర్రతో దులపందే పెద్దవాళ్లకి కప్పకూడదని మంగతాయారు మరీమరీ చెప్పి పంపింది. రెండు సరుగుడు చెట్ల మధ్య తాడు కట్టించి, బొంత వేసి, అందరూ చూస్తుండగా ఒక్కటిచ్చాడు.

"ఏదో ఎగిరిందండి," అన్నాడు పక్కనున్న అటెండరు అబ్రహాము.

"దుమ్ము."

రెండోది వేశాడు.

"దుమ్ముకి కాడ ఉందండి సార్!"

"నువ్వు నోరు మూసుకుని తాడు పట్టుకో."

మూడో దెబ్బకి చీర ఈ కొసనుంచి ఆ కొసదాకా పర్రున చిరిగింది. అప్పుడే సముద్రం మీంచి గాలి తిరిగింది. ఇక చూడండి, బాతులన్నీ ఒంటిమీద బట్టలు విప్పి విసిరేసినట్టు! పొయ్యిమీది చేపల పులుసులో చేపలకి ఈకలొచ్చాయి. మేడం జడ తెల్లబడింది. గుమాస్తాలంతా తుమ్ముతూ ఇసకలో దొర్లారు. బాపట్ల బస్టాండులో ఇడ్లీ తింటున్నవాడి చట్నీలో కూడా ఒక ఈక వాలిందని చెప్పుకుంటారు. వాసన పట్టుకుని ఒడ్డునున్న కుక్కలన్నీ వచ్చి మేడం గుడారం చుట్టూ కూర్చున్నాయి.

ఎవడో ఈకల్ని ఫోన్లో ఫొటో తీసి, సముద్రతీరాన బాతులు రోగంతో చచ్చిపోతున్నాయని ఊరంతా పంపించాడు. దీపాలు పెట్టేవేళకి ముక్కుకి గుడ్డ కట్టుకుని పశువుల డాక్టరు దిగాడు.

"ఎన్ని బాతులు చచ్చాయండి?"

"ఒక్కటీ చావలేదండి," అన్నాడు చలపతిరావు.

"మరి ఈ ఈకలేంటి?"

"బొంతండి."

"బాపట్లలో బొంతేంటండి?"

డాక్టరు చిరిగిన చీరని మూటగట్టి సీలు వేశాడు. పరీక్ష తేలేదాకా కదలొద్దని, మేడంతో సహా అందరినీ ఇసకలో కూర్చోబెట్టి, చుట్టూ తాడు కట్టించి సున్నం చల్లించాడు. ఆదివారం పేపర్లో తలనిండా ఈకలతో ఇందుమతి మేడం ఫొటో పడింది. గెలిచిన కోడిపుంజులా ఉంది.

రోగమేమీ లేదని తేలి ఆ సాయంత్రం వదిలేశారు. సోమవారం చలపతిరావు వెళ్లి నిలబడితే, మేడం తలెత్తకుండా కాగితం తోసింది.

"రేపల్లె ట్రాన్స్‌ఫర్. సంతకం పెట్టేశాను. ఇక జన్మలో నాకు కనపడకండి."

నమ్మలేకపోయాడు. రెండు కిలోల పూతరేకులతో ఇంటికొచ్చాడు.

"చూశావటే, మనం కుట్టిన బొంత ఊరికే పోలేదు!"

"మరి? మా అమ్మమ్మ పద్ధతి," అంది మంగతాయారు.

గురువారం ఇస్త్రీ చొక్కా వేసుకుని, నడిచే రేపల్లె ఆఫీసుకి వెళ్లాడు. చేరుతున్నట్టు రాసిన కాగితం పట్టుకుని ఆఫీసరు గది తలుపు తీశాడు. కుర్చీలో ఇందుమతి మేడం ఉంది. పేపర్లో ఫొటో చూసిన పైవాళ్లు, తెనాలి లాంటి ఊరికి ఈవిడ తగదని, మంగళవారమే ఈ చిన్న ఆఫీసుకి తోసేశారు.

"రండి చలపతిరావుగారూ," అందావిడ మెత్తగా. "కూర్చోకండి."

ఆ సాయంత్రమే ఆయన తనను తిరిగి తెనాలికి మార్చమని అర్జీ రాసుకున్నాడు; దానిమీద సంతకం పెట్టాల్సింది కూడా ఆవిడే.