విజేత ఇంకా స్పందించలేదు

ఆ ఉదయం మాస్టారు అనుకున్నది చాలా చిన్న పని. ఓటేసి ఇంటికొచ్చి తలుపు వేసుకోవాలి. వార్డు ఎన్నికలో నిలబడిన ఆయన భార్య, ఆసుపత్రి నర్సు, పోలింగుకు వారం ముందు కన్నుమూసింది. ఓటు పత్రాలు అప్పటికే అచ్చయిపోవడంతో పేరు అలాగే ఉండిపోయింది. "నలుగురైనా వేస్తారంటారా?" అని మంచాన పడ్డాక కూడా అడిగేది. వేస్తారని ఆయన మాటిచ్చారు.

బూత్ బయట టీవీ సర్వే అమ్మాయి ఎవరికి వేశారని అడిగింది. "మా ఆవిడకేనమ్మా" అన్నారు మాస్టారు. వెంట వచ్చిన బావమరిది ఇంకా వరసలోనే ఉండడంతో ఆ పక్కనే నిలబడ్డారు. వెనక వచ్చినవాళ్ళకు ఆయన ముఖం చూశాక ఇంకో పేరు చెప్పడానికి నోరు రాలేదు. అందరూ ఆవిడ పేరే చెప్పారు. ఆఖర్న బావమరిదీ అదే చెప్పాడు.

కొన్ని దేశాల్లో చివరి ఓటు లెక్కపెట్టేదాకా ఎవరూ పెదవి విప్పరట. ఇక్కడ పెట్టెలు మూయగానే టీవీవాళ్ళు గెలిపించేస్తారు. సాయంత్రం తెర మీద నర్సమ్మ ఫొటో వేసి, భారీ ఆధిక్యం ఖాయమన్నారు. "విజేత ఇంకా స్పందించలేదు" అంది వార్తలు చదివే కొత్తమ్మాయి. మాస్టారు టీవీ కట్టేయబోయి, ఫొటో చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

ఇల్లు నిండిపోయింది. తమ ఓటు వృథా పోలేదని ఎవరికి వారే చెప్పుకున్నారు. ఉప ఎన్నికలో బావనే నిలబెడతానని బావమరిది అప్పుడే మైకులవాడితో మాట్లాడాడు. ప్రత్యర్థి మందుల షాపాయన వచ్చి, ఓటమి ఒప్పుకుని ఓ మూల కూర్చున్నాడు.

"మీ అక్క ఇదంతా చూసుంటే బాగుండేదిరా" అన్నారు మాస్టారు, బావమరిదితో మెల్లగా.

అంతలో అసలు లెక్క వచ్చింది. నర్సమ్మకు మూడు ఓట్లు.

ఒకావిడకు పొయ్యి మీద పాలు గుర్తొచ్చాయి. ఇంకొకాయన చెప్పులు వెతుక్కున్నాడు. గది ఖాళీ అవుతుంటే మాస్టారు బావమరిది వైపు చూశారు.

"అక్క ఎలాగూ లేదు కదా బావా..." అని అతను తలదించుకున్నాడు.

గెలిచిన మందుల షాపాయన మాత్రం లేవలేదు. "నేను ఆవిడకే వేశాను మాస్టారూ. మా అమ్మ పోయేముందు రోజూ ఇంటికొచ్చి చూసింది" అన్నాడు.

మాస్టారు ఆయన చెయ్యి పట్టుకున్నారు. చాలాసేపు వదల్లేదు.

మూడో ఓటు తమదేనని ఆ వీధిలో ఇప్పటికీ ఇంటికొకరు చెబుతారు.